రెక్కలు లేని ఫ్యాను, ఆకుపచ్చ పట్టుచీర

మా ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, కెమెరా వెనక నిలబడాల్సినవాణ్ణి కూడా నేనేనని మా వదిన తీర్మానించింది. చెన్నై శివారు షోళింగనల్లూరు ఆఫీసులో ఇరవై ఏళ్ళుగా నేను చేసే పని, ఇతరులు చెప్పబోయే మాటలకు స్లైడ్లు తయారుచేయడం. వాటిలో కదిలే వస్తువంటూ ఏదైనా ఉంటే అది బాణం గుర్తు మాత్రమే. ఆ మాటే చెప్పాను.

"చుమ్మా, ఊరికే చెప్పబాక మరిదీ. బాణాన్ని కదిలించేవాడికి మనిషిని తీసేది ఒక లెక్కా?" అంది.

మా వదిన చీర కట్టడంలో ఘటికురాలు. తను కట్టుకోవడంలో కాదు, తన చీర ఎప్పుడూ ఏదో ఒక మూల జారుతూనే ఉంటుంది. ఇతరులకు కట్టడంలో. పెళ్ళికూతుళ్ళ పట్టుచీరలకు ముందురోజే కుచ్చిళ్ళు పెట్టి, ఇస్త్రీ చేసి, పెట్టెలో పెట్టి పంపడం, ముహూర్తం వేళకు మండపానికి వెళ్ళి కట్టి రావడం ఆవిడ ముప్పయ్యేళ్ళ పని. చూసేవాళ్ళకు కుచ్చిళ్ళు నడుం దగ్గర పుడతాయనిపిస్తుంది గానీ, అవి కుదిరేది పాదాల దగ్గర. పెళ్ళికూతురు నిలబడితే వదిన ఆ అమ్మాయి కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని, ఒక్కో మడత అంచునూ కిందికి లాగి, వేలితో దువ్వి నిలబెట్టాలి.

పోయిన ఏడాది వదిన మోకాళ్ళు ఎదురుతిరిగాయి. గొంతుక్కూర్చోవడం, నేలమీద కూర్చుని లేవడం, రెండూ మానెయ్యమని డాక్టరు చెప్పాడు. ఈతగాణ్ణి తడవకుండా ఉండమన్నట్టు. మూడు పెళ్ళిళ్ళు వదులుకుంది. నాలుగోదానికి మొండిగా వెళ్ళి, లేవలేకపోతే పెళ్ళికూతురే చెయ్యిచ్చి లేపిందట. ఆ కథ మాకు నవ్వుతూనే చెప్పింది. చెప్పాక వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

అలాంటి సమయంలో టి. నగర్‌లోని ఒక చీరల షాపువాళ్ళు, తమ మూడో అంతస్తులో ప్రతి శనివారం చీర కట్టడం నేర్పే క్లాసు పెడుతున్నామనీ, నేర్పేవాళ్ళు కావాలనీ చెప్పి పంపారు. మూడు నిమిషాల వీడియో పంపాలి. కుచ్చిళ్ళు పెట్టే విధానం స్పష్టంగా కనబడాలి. శుక్రవారం సాయంత్రం ఆరులోగా చేరాలి. ఆ మాట మాకు తెలిసింది బుధవారం పొద్దున.

"ఇది వచ్చిందంటే మండపాలు మానేస్తా. రాలేదనుకో..." అని ఆగి, తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది వదిన. "ఈ చేతులకి ఇంకే పనీ తెలీదబ్బా."

ఆ మాట తర్వాత బాణాల గురించి వాదించడం నాకు చేతకాలేదు.

ఆఫీసుకు సెలవు పెట్టి, ఎలక్ట్రానిక్ సామాను అమ్మే రిచీ స్ట్రీట్‌కి వెళ్ళాను. ఆ వీధిలో నడిచేవాడి మొహం చూసి వాడికేం పాడైందో దుకాణాలవాళ్ళు చెప్పగలరు. నా మొహంలో ఏం కనబడిందో గానీ ఒక కుర్చీ వేశారు.

"చానలా సార్?" అన్నాడు దుకాణదారు తమిళంలో. "వంటలా, గుళ్ళా, తిట్లా?"

"చీరలు" అన్నాను.

అతను నన్ను కిందినుంచి పైకి ఒకసారి, పైనుంచి కిందికి ఒకసారి చూశాడు. మూడుకాళ్ళ స్టాండు, గుండ్రటి లైటు, చెయ్యి వణికినా బొమ్మ వణకనివ్వని ఒక పిడి, తీగ లేని మైకులు రెండు, వెనక కట్టే ఆకుపచ్చ తెర, ఇవన్నీ వరసగా బల్లమీద పేర్చి, "ఇది బిగినర్ సెట్ సార్" అన్నాడు. మొదలే ఇంతుంటే చివర ఎంతుంటుందో అడిగే ధైర్యం లేక వదినకు ఫోన్ చేశాను.

"ఒక్కోటీ ఎందుకో చెప్పు" అంది. చెప్పాను. "గుండ్రటి లైటెందుకు, మన కిటికీలో సూరీడు గుండ్రంగా లేడా? చూడబ్బా, చీరకి పిన్నీసు ఎట్టనో అట్ట, ఏది లేకుంటే అంతా జారిపోతాదో అదొక్కటి కొను. మిగతాదంతా ఈడ ఇంట్లో ఉంటాది. లేకుంటే పుట్టిద్దాం."

పిన్నీసు లాంటివి రెండు తేలాయి. ఫోన్‌ను కరిచి పట్టుకునే ఒక క్లిప్పు, రవికెకు తగిలించుకునే తీగ మైకు ఒకటి. దుకాణదారు వాటిని చిన్న కాగితం సంచీలో వేసి ఇస్తూ, మిగతావన్నీ మళ్ళీ అరల్లో సర్దుకుంటూ, నన్ను కూర్చోబెట్టిన కుర్చీ కూడా తీసేశాడు.

గురువారం మా ఇంట్లో జరిగినదాన్ని ఏమనాలో నాకింకా తెలియదు. మాది ఉత్తర చెన్నైలో, రాయపురం పక్కన పాత ఇల్లు. ధనియాలు, మిరపకాయలు టోకున అమ్మిన కుటుంబం మాది. అటకమీద మూడు తరాల సామాను ఉంటుంది. ఏదీ పారెయ్యం. ఆ అలవాటును నేను చిన్నప్పటినుంచి వెక్కిరిస్తూ వచ్చాను. ఆరోజు నిచ్చెన వేసుకుని అటకెక్కి, ఒక్కో వస్తువునూ కిందికి అందిస్తూ, మా పెద్దలకు మనసులోనే క్షమాపణలు చెప్పుకున్నాను.

మొదట దొరికింది మోటారు కాలిపోయిన పెడస్టల్ ఫ్యాను. దాని జాలీ విప్పి, రెక్కలు పీకి, మెడకు క్లిప్పు బిగించి, క్లిప్పుకు వదిన ఫోను తగిలించాను. పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది, తల వంచుతుంది, పక్కకు తిరుగుతుంది. రిచీ స్ట్రీట్ స్టాండు చేసే పనులన్నీ చేస్తుంది. పైగా ఇనప దిమ్మ ఉంది కాబట్టి నేను తట్టుకున్నా పడదు, నేనే పడతాను.

అమ్మ వచ్చి దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. అమ్మకు ఎనభై దాటాయి. కొత్త వస్తువునైనా, కొత్త మనిషినైనా ఒక చుట్టు తిరిగి చూస్తే గాని ఆవిడకు నమ్మకం కుదరదు. "ఏందిరా ఇది, దాని తలకాయ తీసి ఫోను పెట్టినావు?"

"వదినకి ఇదే తొలి ఫ్యానమ్మా" అన్నాను.

నవ్వింది నేనొక్కణ్ణే.

రెండో సమస్య, బల్లమీద కుచ్చిళ్ళు పెట్టి ఇస్త్రీ చేసేటప్పుడు పైనుంచి తీయడం. ఉయ్యాల బల్ల వేలాడదీసిన పాత కొక్కెం దూలానికి ఉంది. ఫోన్‌కు తాడు కట్టి దానికి వేలాడదీశాను. ఫోను గిరగిర తిరిగింది. తీసిన వీడియో చూస్తే చీర, ఇస్త్రీపెట్టె, వదిన, అమ్మ, నేను, మళ్ళీ చీర, ఇస్త్రీపెట్టె... రంగులరాట్నం ఎక్కి చీర కట్టడం నేర్చుకునేవాళ్ళకు బాగా ఉపయోగపడేది. వదిన నవ్వి నవ్వి గోడకు ఆనుకుంది. అప్పుడు అటకమీది తక్కెడ గుర్తొచ్చింది. మూడు గొలుసుల ఇత్తడి పళ్ళెం. ఎన్ని మిరపకాయలు తూచిందో గానీ, మూడు వైపులా పట్టున్న పళ్ళెం తిరగదు. దాని అంచుమీద ఫోను వెల్లకిలా, కెమెరా కన్ను అంచు బయటినుంచి కిందికి చూసేలా పెట్టి, రెండోవైపు బరువుగా రాయి ఉంచాను. ఫోను తూగింది. నిచ్చెనమీద నేను తూలాను.

వెలుతురుకు కిటికీకి అడ్డంగా నా తెల్ల పంచె కట్టాం. కత్తిలా దూసుకొచ్చే ఎండ, పంచెలోంచి వచ్చేసరికి పాలలా మెత్తబడి గదంతా పరుచుకుంది. వెలుగును పంచింది కాబట్టి పంచె అనుకుని మురిసిపోయాను. కిటికీకి ఎదురుగా, టీవీ పెట్టెలోంచి తీసిన థర్మకోల్ పలకను నిలబెట్టాం. అది నీడలో ఉన్న పక్కకు కాస్త వెలుగు తిప్పికొడుతుంది. గదిలో మాట బావిలో మాట్లాడినట్టు మోగుతుంటే వదిన తన బీరువా తెరిచి, మూడు గోడలకూ తాళ్ళు కట్టి చీరలన్నీ ఆరేసింది. ఏ చీర కుచ్చిళ్ళలో చిక్కుకుందో గానీ ప్రతిధ్వని మాయమైపోయింది. పైనున్న ఫ్యాను శబ్దం చేస్తుందని ఆపేశాం. వాన లేకుండానే ముగ్గురం తడిశాం. పై వాటాలో అద్దెకుండే అమ్మాయి మోడల్‌గా నిలబడటానికి ఒప్పుకుంది. సాయంత్రం ఒక చిన్న ముక్క తీసి చూసుకుంటే అద్దంలా వచ్చింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు, దర్శకుణ్ణయిపోయాను గనక.

శుక్రవారం పొద్దున ఒక చిక్కు వచ్చిపడింది. మా కిటికీలోకి మంచి వెలుతురు వచ్చేది పదిన్నరనుంచి పన్నెండు దాకా. శుక్రవారం రాహుకాలం కూడా సరిగ్గా అంతే.

"రాహుకాలంలో మొదలుపెడితే రాహువే చూస్తాడు నీ వీడియో" అంది అమ్మ.

"రాహువుకి తల ఒక్కటేగా అత్తా ఉండేది, చీర ఎందుకు ఆయనకి?" అంది వదిన.

చివరికి అమ్మే దారి చూపించింది. రాహుకాలంలో మొదలుపెట్టకూడదు గానీ, మొదలుపెట్టినదాన్ని కొనసాగించవచ్చు. కాబట్టి పదింపావుకే పూజ చేసేస్తే పని మొదలైపోయినట్టు. మా ఇంట్లో కొత్త తక్కెడైనా, తాళమైనా, ఇస్త్రీపెట్టైనా చందనం, కుంకుమ పెట్టకుండా పనిలోకి దిగదు. అమ్మ చందనం తీసి, ఫ్యానుకు బొట్టు పెట్టింది, తక్కెడకు పెట్టింది, థర్మకోల్‌కు పెట్టింది, మైకుకు వడ్లగింజంత పెట్టింది. ఫోన్‌ను వెనక్కి తిప్పి, కెమెరా పక్కనే, కంటికి దిష్టిచుక్కలా, తడితడిగా ఒకటి పెట్టింది. కర్పూరం వెలిగించింది. నేను ఫోను తీసి క్లిప్పులో బిగించాను.

షూటింగ్ అద్భుతంగా జరిగింది. నా మాట నమ్మండి, ఎందుకంటే ఆ రోజంతా నేను దాన్ని నమ్మాను. వదిన చిలకపచ్చ పట్టుచీర తీసుకుంది. అమ్మాయి నిటారుగా నిలబడింది. తెరమీద చూస్తే గదంతా బంగారపు మంచు కమ్మినట్టుంది. ముందురోజు ఇలా లేదే అని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే, పొద్దుటి ఎండ మహిమ, పంచె మహిమ అనుకున్నాను. ఇంకాస్త ముందుకు పోయి, నా మహిమ అనుకున్నాను.

"వదినా, సినిమా వెలుతురు వచ్చేసింది! ఈ వీడియోమీద నా ముద్ర వేస్తా!"

"కుచ్చిళ్ళు కనిపిస్తా ఉండాయా?"

"కలలో కనిపించినట్టు కనిపిస్తున్నాయి!"

ఆ జవాబులో ఉన్న ప్రమాదం మా ఇద్దరికీ తెలియలేదు. అమ్మాయి పాదాల దగ్గర గొంతుక్కూర్చోవాల్సి వచ్చినప్పుడు వదిన పళ్ళు బిగబట్టి కూర్చుంది. లేచేటప్పుడు ఫ్యాను కడ్డీ పట్టుకుని లేచింది. నేను ఆ భాగం కత్తిరిస్తానని మాటిచ్చాను. పన్నెండున్నరకు అయిపోయింది. ఒంటిగంటకు ఆ అమ్మాయి ఆఫీసు క్యాబ్ ఎక్కి వెళ్ళిపోయింది. భోంచేసి, కాస్త కునుకు తీసి, నాలుగింటికి లాప్‌టాప్ తెరిచి వదినను, అమ్మను ముందు కూర్చోబెట్టాను.

చిన్న తెరమీద బంగారపు మంచుగా కనబడినది, పెద్ద తెరమీద సాంబారుగా కనబడింది. చిలకపచ్చ చీర పాచిరంగులో ఉంది. వదిన వేళ్ళు ఉన్నాయి, చీర ఉంది. మధ్యలో ఒక్క కుచ్చిళ్ళు మాత్రం లేవు. అన్నీ కలిసిపోయి, ఎవరో నీళ్ళలో నానబెట్టినట్టున్నాయి.

వదిన లేచి వెళ్ళి ఫోన్ తెచ్చింది. వెనక్కి తిప్పి, వెలుతురుకు పట్టి చూసింది. కెమెరా అద్దం మీద కుంకుమ కలిసిన చందనం పొర, అందులో స్పష్టంగా ఒక బొటనవేలి ముద్ర. నా బొటనవేలే. అమ్మ బొట్టు సరైన చోటే పెట్టింది. క్లిప్పులో బిగించేటప్పుడు నేను దాన్ని అద్దం దాకా చక్కగా పులిమాను. పొద్దుటి నుంచీ నేను మెచ్చుకున్న సినిమా వెలుతురు, నా వేలి చలవ.

"ముద్ర వేస్తానన్నావు, వేసినావు" అంది వదిన. గొంతులో నవ్వు లేదు.

గోడ గడియారం నాలుగున్నర చూపిస్తోంది. "ఇంకా గంటన్నర ఉంది" అన్నాను.

"మనిషేదీ? ఎవురికి కట్టేది? అత్త నిలబడలేదు. నాకు నేను కట్టుకుంటే చేతులు కనపడవు."

అమ్మ నావైపు చూసింది. వదిన నావైపు చూసింది. నేను కూడా ఎవరివైపన్నా చూద్దామని వెనక్కి తిరిగాను. ఆరేసిన చీరలు తప్ప ఎవరూ లేరు.

"వదినా, నాకు మీసాలున్నాయి."

"మీసాలకి కట్టన్లే. నడుముకి కడతా. సీక్రం రా."

చొక్కామీదే మొదలుపెట్టింది. అప్పుడు రెండు ఇబ్బందులొచ్చాయి. ఒకటి, నా తల ఫ్రేములో పడుతోంది. ఫ్యాను కడ్డీ బిగుసుకుపోయి కిందికి దిగనంటోంది, మెడ వంచుదామంటే మర వదులై, వంచినప్పుడల్లా నేలను చూసి కూలబడుతోంది. రెండోది, వదిన మోకాళ్ళు. పొద్దున ఒకసారి కూర్చుని లేచిన ధాటికి వాచి ఉన్నాయి. మళ్ళీ గొంతుక్కూర్చోవడం జరగని పని. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. నేను తల తప్పించడానికి గోడవారన ఉన్న ధనియాల బస్తాలు దించుకునే పాత చెక్కబల్ల లాగి, దానిమీదికి ఎక్కాను. తల ఫ్రేములోంచి పైకి వెళ్ళిపోయింది. నా పాదాలు వదిన ఒళ్ళోకి వచ్చాయి.

"ఆ!" అంది వదిన. అంతే. కుర్చీలో వెనక్కి ఆనుకుని, కుచ్చిళ్ళను కంటికి సరిగ్గా ఎదురుగా పట్టుకుంది.

అమ్మ ఫోన్ మీద ఎర్ర గుండీ నొక్కింది. పంచెలోంచి సాయంత్రపు పలుచని వెలుతురు వస్తోంది. మాటలు రాసుకున్న కాగితం ఎక్కడో పోయింది. వదిన ఇక కెమెరాతో మాట్లాడటం మానేసి నాతో మాట్లాడింది.

"నిటారుగా నిలబడు. ఊపిరి లోపలికి పీల్చుకో. అంతేనా? ఇంకా పీల్చు. అయ్యో రామా, ఇది కడుపా, మిరపకాయల మూటా? సరి, మూటకైనా కుచ్చిళ్ళు నిలబడాల. చూడండమ్మా, ఇట్టాంటి నడుముంటే మొదటి మడత కొంచెం వెడల్పు. రెండోది దానికింద దాక్కోవాల. బొటనవేలు ఈడ, చిటికెనవేలు ఆడ. ఏయ్, నవ్వబాక, మడతలు ఊగుతా ఉండాయి!"

నేను నవ్వు ఆపుకోలేక ఊగుతూనే ఉన్నాను. కింద అంచులు ఒక్కొక్కటే వదిన వేళ్ళమధ్య వరసలో నిలబడ్డాయి. ఆవిడ కిందికి వంగలేదు, వీపు కెమెరాకు అడ్డం రాలేదు. మూడు నిమిషాల పది సెకన్లు. ఆ పది సెకన్లూ నా నవ్వు. అమ్మ ఎర్ర గుండీ మళ్ళీ నొక్కి, "ఇప్పుడు రాహుకాలం కాదు" అని గట్టిగా ప్రకటించింది.

కత్తిరించడానికి టైము లేదు. నవ్వుతో సహా పంపాం. సగం వెళ్ళి గుండ్రంగా తిరుగుతూ ఆగిపోయింది. నేను చీరతోనే ఫోను పట్టుకుని, సిగ్నల్ కోసం డాబామీదికి పరిగెత్తాను. పక్క డాబామీద బట్టలు తీస్తున్నావిడ నన్ను చూసి, చేతిలో ఉన్న దుప్పటి అలాగే పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆరుకు ఎనిమిది నిమిషాలుండగా వీడియో చేరింది. డాబామీద చీర కుచ్చిళ్ళు గాలికి ఎగురుతున్నాయి. ఒక్క మడత చెదరలేదు.

సోమవారం షాపునుంచి ఒకావిడ ఫోన్ చేసింది. వదిన స్పీకర్ పెట్టింది. మిగతా వీడియోలన్నింట్లో సంగీతం ఉందట, పూలున్నాయట, నేర్పేవాళ్ళందరూ కిందికి వంగితే వీపులు తప్ప కుచ్చిళ్ళు కనబడలేదట. "మీదాంట్లో ఒక్కో మడతా లెక్కపెట్టుకున్నాం మేడమ్. మనిషిని బల్ల ఎక్కించాలని మీకెట్లా తోచింది?"

వదిన నావైపు చూసింది. నేను నా మీసాల సంగతి చెప్పొద్దని చేతులు జోడించాను.

"నా మోకాళ్ళు చెప్పినాయమ్మా" అంది వదిన.

"అయితే క్లాసులో కూడా అట్లాగే. మీకు కుర్చీ, వాళ్ళకు బల్ల. శనివారం వచ్చెయ్యండి. మోడల్‌ని మేమే పెడతాం" అంది ఆవిడ.

వదిన ఫోను పెట్టేసి, కుర్చీలోనే రెండు కాళ్ళూ చాపి, మోకాళ్ళమీద చెరో చెయ్యి వేసి, చిన్నపిల్లలను జోకొట్టినట్టు జోకొట్టింది. అమ్మ ఆ మోకాళ్ళకు దిష్టి తీసింది. మోడల్‌ని మేమే పెడతాం అన్నమాట నాకు ఎందుకో గుచ్చుకుంది. నా స్థానంలో ఇంకొకరిని పెట్టడం నా జీవితంలో అదే మొదలు. అంతకు ముందు నాకు స్థానమంటూ ఉంటే గదా.

శనివారం మైకు తగిలించే నెపంతో నేనూ వెళ్ళాను. మూడో అంతస్తులో పదిహేనుమంది ఆడవాళ్ళు, మధ్యలో ఒక తెల్ల బల్ల, దానిమీద మెరుపుతీగ లాంటి మోడల్, ముందు కుర్చీలో మా వదిన. మొదట షాపువాళ్ళు మా వీడియోనే, నా నవ్వుతో సహా, తెరమీద వేసి చూపించారు. తర్వాత వదిన గంటసేపు చెప్పింది. ఒక్కసారి కూడా నేలవైపు దిగలేదు. మధ్యలో నీళ్ళు తాగడానికి కుర్చీలోంచి లేచినప్పుడు, ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. గోడనూ పట్టుకోలేదు. నేను గమనించానని తనూ గమనించింది. కళ్ళెగరేసింది.

ఆఖర్న వెనక వరసలోంచి ఒకావిడ లేచింది. దగ్గరదగ్గర నా వయసే, నా వొడ్డూపొడుగే. "ఆ పిల్లకు కుదురుతుంది మేడమ్, దానికి నడుమే లేదు. మా లాంటి వాళ్ళకు కట్టి చూపించండి. వీడియోలో ఒకాయనకు కట్టారు గదా, అలా."

షాపావిడ మోడల్‌వైపు చూసింది. మోడల్ తన నడుమును తను చూసుకుంది. వదిన కుర్చీలోంచే మెల్లగా మెడ తిప్పి, మైకు తీగ చేత్తో పట్టుకుని స్తంభం చాటున నిలబడ్డ నన్ను వెతికి పట్టుకుంది.

నేను చెప్పులు విడిచి, ఊపిరి లోపలికి పీల్చుకుని, బల్ల ఎక్కాను.